వెతుకులాటకూ ఉత్తరానికీ వెనుక

సెర్చ్ ఇంజన్‌లో ఒక మాట కొట్టగానే అది ఆ క్షణాన బయల్దేరి ప్రపంచంలోని వెబ్ పేజీలన్నీ గాలించి వస్తుందన్న భావన చాలామందిలో ఉంది. నిజానికి అది అడుగు బయట పెట్టదు. ముందే సిద్ధం చేసి పెట్టుకున్న పద సూచికను చూసి జవాబు చెబుతుంది. క్రాలర్లనే ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు ఒక లింకు నుంచి మరో లింకుకు పోతూ పేజీల పాఠాన్ని తెచ్చి అప్పగిస్తుంటాయి. ఇంజన్ ఆ పాఠాన్ని మాటలుగా విడగొట్టి, ఒక్కొక్క మాట కింద అది ఏయే పేజీల్లో, ఎన్నో స్థానంలో వచ్చిందో రాసుకుంటుంది. మనం మూడు మాటలు ఇస్తే ఆ మూడింటి జాబితాలు తీసి, అన్నిటిలోనూ ఉన్న పేజీలను ఏరి, ఒక వరసలో పేర్చి చూపిస్తుంది. అర సెకనులో జవాబు రావడంలోని కిటుకు ఇదే. ఈ పద్ధతి మనసుకు పడితే, వెతకడానికీ ఈమెయిలు వాడడానికీ చెప్పే చిట్కాలలో చాలా భాగం కంఠస్థం చేయనక్కర్లేదు. అవసరం వచ్చినప్పుడు అవే తోస్తాయి.

సూచికకెక్కనిది దొరకదు. ఇది వినడానికి చిన్న సంగతే గాని, జనం సమయం ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో భూభారతి, దేశమంతటికీ ఈకోర్ట్స్ వంటి చోట్ల ఉన్న వివరాలు ముందుగా రాసిపెట్టిన పేజీలు కావు. సర్వే నంబరో, కేసు నంబరో నింపితే డేటాబేసు నుంచి అప్పటికప్పుడు తయారవుతాయి. క్రాలరు సాధారణంగా అలాంటి ఫారాలు నింపదు, బొమ్మలోని అంకెలు చూసి టైపు చేయదు. కాబట్టి ఫలానా ఊరి ఫలానా సర్వే నంబరు పట్టాదారు ఎవరని సెర్చ్ ఇంజన్‌ను అడిగి లాభం లేదు. ఆ ఫారం ఎక్కడుందో తెలుసుకోవడానికే దాన్ని వాడాలి. అక్కడి నుంచి పని మనది.

దొరికిన వేల పేజీలలో ఏది ముందు పెట్టాలన్నది ఇంజన్‌కున్న రెండో సమస్య. దీనికి పునాది వేసిన వాళ్ళలో కారెన్ స్పార్క్ జోన్స్ ఒకరు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఈ పరిశోధకురాలు 1972లో ప్రచురించిన పత్రంలో ఒక సూత్రం ప్రతిపాదించారు. ఒక మాట ఎంత తక్కువ పత్రాలలో కనిపిస్తే, వెతుకులాటలో దానికి అంత బరువు ఇవ్వాలి. అన్ని పత్రాలలోనూ ఉండే మాట ఒక పత్రాన్ని మరొకదాని నుంచి వేరు చేయలేదు గదా! 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ దీనికి మరో కొలమానం చేర్చారు. ఒక పేజీకి ఎన్ని పేజీలు లింకు ఇస్తున్నాయి, ఆ లింకు ఇచ్చేవాటికి ఎంత విలువ ఉంది అన్నది లెక్కగట్టే పేజ్‌ర్యాంక్ అది. నేటి ఇంజన్లు ఇంకా వందల సంకేతాలు చూస్తాయి గాని, స్పార్క్ జోన్స్ సూత్రం మాత్రం వెతికేవాడికి ఇప్పటికీ దారి చూపుతూనే ఉంది. అరుదైన మాట ఇవ్వండి. తెలంగాణ చెరువుల మరమ్మతుల గురించి తెలుసుకోవాలనుకుని ‘చెరువు’ అని కొడితే సముద్రంలో పడతారు. ‘మిషన్ కాకతీయ’ అని, దానికి మండలం పేరు, ‘పూడికతీత’, ‘ఆయకట్టు’ వంటి మాటలు కలిపితే నాలుగు మాటల్లో గట్టెక్కుతారు. మన ప్రశ్నలో ఉన్న మాటలకన్నా, మనకు కావలసిన జవాబు ఉన్న పేజీలో తప్పక ఉండే మాటలేవో ఊహించి అవే ఇవ్వడం మేలు. వైద్య సంబంధమైన వెతుకులాటలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘కాళ్ళు లాగుతున్నాయి’ అన్నదానికి దొరికే పేజీలు వేరు, డాక్టరు చీటీ మీద రాసిన రోగం పేరుకు దొరికే పేజీలు వేరు.

ఇంజన్ చేతికి కొన్ని కచ్చితమైన ఆదేశాలు కూడా ఇవ్వవచ్చు. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన మాటలు అదే వరసలో, అదే రూపంలో ఉన్న పేజీలే వస్తాయి. మాటకు ముందు ఖాళీ లేకుండా మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్న పేజీలు తప్పుకుంటాయి. దీని విలువ తెలియాలంటే శ్రవణబెళగొళలోని గోమటేశ్వరుడి, అంటే బాహుబలి విగ్రహం గురించి ఒకసారి వెతికి చూడాలి. 2015, 2017 సంవత్సరాలలో వచ్చిన రెండు సినిమాలు ఆ పేరును ఎంతగా కమ్మేశాయంటే, సినిమా, ప్రభాస్ అన్న రెండు మాటలకూ మైనస్ పెట్టేదాకా గోమటేశ్వరుడు బయటికి రాడు. ఇంగ్లీషు అక్షరాలలో ‘సైట్’ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ఒక వెబ్ చిరునామా చేరిస్తే వెతుకులాట ఆ చిరునామాకే పరిమితమవుతుంది. ప్రభుత్వ ఉత్తర్వులకూ మార్గదర్శకాలకూ దీన్ని మించిన ఉపాయం లేదు. ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అనో, తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్ అనో జోడిస్తే, ఆ ఉత్తర్వు గురించి నలుగురు రాసిన ఊహాగానాలు పక్కకు పోయి అసలు కాగితం ముందుకొస్తుంది. ‘ఫైల్‌టైప్’ కోలన్ పీడీఎఫ్ అని చేరిస్తే నివేదికలు, సిలబస్‌లు, దరఖాస్తు ఫారాలు వస్తాయి. ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ అన్న మాటల పక్కన కోలన్, తేదీ పెడితే కాలాన్ని కుదించవచ్చు. ఒక పాత వివాదంపై ఇటీవలి వార్తల వరద కిందపడి నలుగుతున్నప్పుడు, అది మొదలైన ఏడాదికి ముందూ వెనుకా గిరిగీసి వెతకడం ఎంతో ఊరట.

ఇంతవరకూ చెప్పినవి ఏ భాషకైనా వర్తిస్తాయి. తెలుగులో వెతికేవాళ్ళకు వేరే కష్టాలున్నాయి, వాటి గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

పద సూచిక మాట మొత్తాన్ని ఒక ముక్కగా చూస్తుంది. ఇంగ్లీషులో విభక్తి ప్రత్యయం లాంటిది విడి మాటగా పక్కన నిలబడుతుంది. తెలుగులో అది మాటకు అతుక్కుపోతుంది. పుస్తకం, పుస్తకానికి, పుస్తకాలలో, పుస్తకమైతే అన్నవి మనకు ఒకే మాట తాలూకు రూపాలు. సూచికకు నాలుగు వేర్వేరు మాటలు. 2019 నుంచి గూగుల్ బెర్ట్ అనే భాషా నమూనాను వాడుతూ మాటల అర్థాన్ని కూడా పట్టుకునే ప్రయత్నం చేస్తోంది. ఇంగ్లీషులో అది బాగా కుదిరింది. తెలుగులో ఇంకా నమ్మకంగా ఆధారపడదగిన స్థితికి రాలేదన్నది నా అంచనా. అందుచేత ముఖ్యమైన మాటను రెండు మూడు రూపాలలో ఇచ్చి, మధ్యలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో ‘ఆర్’ చేర్చాలి. వాటిలో ఏదున్నా చాలునని దాని అర్థం. వర్ణక్రమం కూడా ఇలాగే ఇబ్బంది పెడుతుంది. పాత పుస్తకాలలో చెఱువు, గుఱ్ఱము. కొత్తవాటిలో చెరువు, గుర్రం. బండి ‘ఱ’ యూనికోడ్‌లో వేరే అక్షరం. దాన్ని ‘ర’గా చదవాలన్న జ్ఞానం యంత్రానికి ఎవరో నేర్పితే తప్ప రాదు. పందొమ్మిదో శతాబ్దపు రచనలలో వెతికేటప్పుడు ‘ము’తో ముగిసే రూపాన్నీ, బండి ‘ఱ’ను పెట్టిన రూపాన్నీ విడిగా ప్రయత్నించక తప్పదు.

కంటికి కనిపించని అక్షరం కూడా ఒకటుంది. హైదరాబాద్‌లో అని సరిగ్గా రావాలంటే ‘ద్’కూ ‘లో’కూ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉండాలి. అది లేకపోతే ‘ల’ ఒత్తుగా మారి ‘ద’ కిందికి పోతుంది. ఆ గుర్తుకు వెడల్పు లేదు, ఆకారం లేదు, కానీ కంప్యూటరుకు అది కూడా ఒక అక్షరమే. మామూలు ఎడిటరులో ‘ఫైండ్’ వాడినప్పుడు కళ్ళెదుట ఉన్న మాట దొరకడం లేదంటే అనుమానించవలసిన వాటిలో ఇది ముందుంటుంది. అప్పుడు మాటను మళ్ళీ టైపు చేయకుండా పాఠంలో ఉన్నదాన్నే కాపీ చేసి వెతుకుపెట్టెలో పెట్టాలి. లేదా ‘హైదరాబా’ వరకే వెతకాలి.

ఫాంట్ల వ్యవహారం ఇంతకన్నా లోతైన గాయం. యూనికోడ్ తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించింది. కానీ ఆ ప్రమాణం అందరికీ అలవాటయ్యే లోపల తెలుగు పత్రికల వెబ్ సంచికలు ఏళ్ళ తరబడి సొంత ఫాంట్లతో నడిచాయి. డీటీపీ రంగం ‘అను’ అన్న పేరుగల ఫాంట్లలో స్థిరపడింది. వాటిలో తెరమీద కనిపించేది తెలుగే అయినా లోపల నిల్వ ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. అలా తయారైన పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, అర్థంపర్థం లేని లాటిన్ అక్షరాల గుంపు వస్తుంది. సెర్చ్ ఇంజన్‌కు కనిపించేదీ అదే. స్కాన్ చేసిన పుస్తకాలైతే ఆ మాత్రం కూడా లేని ఉత్త బొమ్మలు. ఇలాంటి స్కాన్ ఫైలును గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలను గుర్తుపట్టి యూనికోడ్ పాఠంగా మార్చి ఇస్తుంది. అచ్చు స్పష్టంగా ఉంటే ఫలితం ఆశ్చర్యపరుస్తుంది. ఒత్తులు అలుక్కుపోయిన చోట మాత్రం మనిషి కన్ను కావాలి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో స్కాన్ అయిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి. అయితే వాటి పేర్లు చాలావరకు ఇంగ్లీషు లిపిలో, ఎవరికి తోచిన పద్ధతిలో వాళ్ళు రాసినవి. ‘ఆంధ్ర’ అన్న మాటే ఒక చోట ఒక ‘ఏ’తో, మరొక చోట రెండు ‘ఏ’లతో ఉంటుంది. దీర్ఘాలను మార్చి మార్చి వెతకాలి, పేరుతో దొరకకపోతే రచయిత ఇంటిపేరుతో వెతకాలి. ఓపిక ఉన్నవాళ్ళకు అదొక నిధి. మాటల అర్థాల కోసమైతే సెర్చ్ ఇంజన్‌కన్నా నేరుగా ఆంధ్రభారతి నిఘంటు శోధనకు వెళ్ళడం మంచిది. బ్రౌణ్యం నుంచి శబ్దరత్నాకరం దాకా అనేక నిఘంటువులను అది ఒకేసారి వెతుకుతుంది.

ఇటీవల ఫలితాల పైన కృత్రిమ మేధ కూర్చిన సారాంశం ఒకటి కనబడుతోంది. అది ఎంత నిండుగా మాట్లాడినా, కింద ఇచ్చిన లింకు తెరిచి ఆ మాట అక్కడ ఉందో లేదో చూడనిదే దాన్ని వాడకూడదు. మందు మోతాదులు, గడువు తేదీలు, చట్టం సెక్షన్లు అయితే మరీను. కస్టమర్ కేర్ నంబర్ల విషయంలో అసలు సెర్చ్‌ను నమ్మనే వద్దు. మోసగాళ్ళు తమ నంబర్లతో పేజీలు తయారు చేసి సూచికలోకి ఎక్కించడం దేశంలో మామూలైపోయింది. ఆ నంబరు కార్డు వెనుకో, పాస్‌బుక్కు మీదో, సంస్థ సొంత యాప్‌లోనో చూసుకోవాలి.

ఇక ఈమెయిలు ఉత్తరం సంగతి. 1971లో అమెరికాలోని బీబీఎన్ సంస్థ ఇంజనీరు రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటరు నుంచి దాని పక్కనే ఉన్న మరో కంప్యూటరుకు ఆర్పానెట్ మీదుగా సందేశం పంపాడు. మనిషి పేరునూ యంత్రం పేరునూ విడదీయడానికి ‘ఎట్’ గుర్తును ఎంచుకున్నాడు. ఉత్తరం ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు చేరే తీరును ఎస్ఎమ్‌టీపీ అనే ప్రమాణంగా జాన్ పోస్టెల్ 1982లో రాశాడు. నేటికీ ఈమెయిలు నడిచేది దాని మీదనే. ఆ ప్రమాణంలో మనం చూడని ఒక కవరు ఉంది. ఉత్తరాన్ని ఎవరెవరికి అందించాలో సర్వర్లు చెప్పుకునే జాబితా ఆ కవరు మీద ఉంటుంది. మనకు కనిపించే ‘ఫ్రమ్’, ‘టు’, ‘సీసీ’ వరసలు కవరు మీదవి కావు, లోపలి కాగితం మీద రాసినవి. ఈమెయిలు వింతలలో చాలా భాగం ఈ రెండింటి తేడాలోంచి పుట్టినవే.

బీసీసీనే తీసుకోండి. అందులో పెట్టిన చిరునామా కవరు మీదికి ఎక్కుతుంది గాని లోపలి కాగితం మీద ఉండదు. అందువల్ల ఉత్తరం అందుతుంది, మిగతావాళ్ళకు తెలియదు. పూర్వ విద్యార్థుల సంఘమో, అపార్టుమెంటు కమిటీయో రెండు వందల మందికి ఒకే ఉత్తరం పంపేటప్పుడు ‘టు’లో పెట్టి అందరి చిరునామాలూ అందరికీ పంచిపెట్టడం కన్నా బీసీసీలో పెట్టడం మర్యాద. కానీ ఒకరికి తెలియకుండా ఇంకొకరికి చూపించడానికి బీసీసీ వాడడం ప్రమాదకరం. ఆ మూడో వ్యక్తి పొరపాటున ‘రిప్లై ఆల్’ నొక్కితే గుట్టు రట్టవుతుంది. ముందు అసలువారికి పంపి, తర్వాత ‘సెంట్’లోంచి తీసి మూడోవారికి ఫార్వర్డు చేస్తే ఆ బాధ లేదు. అలాగే, పంపిన ఉత్తరాన్ని వెనక్కి లాగే శక్తి ఎస్ఎమ్‌టీపీకి లేదు. జీమెయిల్‌లో కనిపించే ‘అన్‌డు’ నిజానికి ఉత్తరాన్ని కొన్ని సెకన్లు ఆపి ఉంచడమే. సెట్టింగులలో ఆ వ్యవధిని 30 సెకన్ల వరకూ పెంచుకోవచ్చు. ఇంతకాలం పెంచుకోని వాళ్ళు ఈ పూటే ఆ పని చేయడం మంచిది.

ఆ పాత ప్రమాణం ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకేమీ ఎరుగదు. ఫోటోలు, పీడీఎఫ్‌లు ఆ దారిలో వెళ్ళడానికి 1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ మైమ్ అనే ఏర్పాటు చేశారు. జోడించిన ఫైలులోని ప్రతి మూడు బైట్లనూ నాలుగు అక్షరాలుగా మార్చి పంపుతారు. అంటే ఫైలు దారిలో మూడో వంతు లావవుతుంది. పది ఎంబీకి మించి తీసుకోని సర్వరుకు ఎనిమిది ఎంబీల ఫైలు పంపితే తిరిగొచ్చేది ఇందుకే. అది అక్కడికి చేరేసరికి పదిన్నర దాటుతుంది. పెద్ద ఫైలుకు డ్రైవ్ లింకు పంపడమే దారి. తెలుగు అక్షరాల లెక్క కూడా ఇక్కడే చెప్పుకోవచ్చు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న మాటలో ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. వెబ్ చిరునామాలో అదే మాట పర్సెంటు గుర్తులతో కలిసి 54 అక్షరాలవుతుంది. తెలుగు వికీపీడియా లింకును ఉత్తరంలో అతికిస్తే బారెడు పొడవున కనిపించడం చూసి వైరస్ అని భయపడేవాళ్ళున్నారు. అది వైరస్ కాదు, తెలుగే.

ఉత్తరాల పెట్టెలో వెతకడం మళ్ళీ పద సూచిక పనే. జీమెయిల్ సాధారణంగా మాట మొత్తాన్ని పోలుస్తుంది, మాటలోని ముక్కను కాదు. ‘జీతం’ అని వెతికితే ‘జీతానికి’ అని రాసిన ఉత్తరం తప్పిపోవచ్చు. అందుకే ఉత్తరం శీర్షికను, రేపు దాన్ని ఏ మాటతో వెతుక్కుంటామో ఆ మాటతో రాయాలి. ‘నమస్తే’, ‘ఇదిగో పంపుతున్నా’ అన్న శీర్షికలు ఆరు నెలల తర్వాత ఎందుకూ కొరగావు. ‘ఇంటి అద్దె రసీదు, జూలై 2025’ అన్నది పదేళ్ళయినా దొరుకుతుంది. పంపే ఫైలు పేరూ అంతే. ఏడాది, నెల, తేదీ అన్న వరసలో మొదలుపెడితే ఫైళ్ళు వాటంతటవే కాలక్రమంలో కుదురుకుంటాయి. అమెరికాలో ఉన్న పిల్లలు నెలను ముందు రాస్తారు, ఇక్కడి తల్లిదండ్రులు తేదీని ముందు రాస్తారు. ఏడాదితో మొదలుపెడితే ఆ తికమక కూడా పోతుంది. ఇక ఆదేశాలు: ‘ఫ్రమ్’ కోలన్ చేర్చి పంపినవారి పేరు, ‘హ్యాజ్’ కోలన్ ‘అటాచ్‌మెంట్’, ‘లార్జర్’ కోలన్ 10ఎం, ‘ఓల్డర్’ అండర్‌స్కోర్ ‘దేన్’ కోలన్ 2వై. చివరి రెండూ కలిపి కొడితే రెండేళ్ళు దాటిన భారీ ఉత్తరాలన్నీ ఒక్కచోటికి వస్తాయి. 15 జీబీ నిండిపోయిందన్న హెచ్చరిక వచ్చినప్పుడు చేయవలసిన మొదటి పని ఇదే. స్పామ్, ట్రాష్ అరలను మామూలు వెతుకులాట ముట్టుకోదు. ‘ఇన్’ కోలన్ ‘ఎనీవేర్’ చేరిస్తేనే అక్కడా చూస్తుంది. ఆ అరలలో పడ్డవి 30 రోజులకు చెరిగిపోతాయి గనుక, రావలసిన ఇంటర్వ్యూ లేఖ కనబడకపోతే ఆలస్యం చేయకూడదు.

కవరుకూ కాగితానికీ ఉన్న తేడాను అందరికన్నా బాగా గ్రహించింది మోసగాళ్ళు. కాగితం మీద ‘ఫ్రమ్’ అని ఏ పేరైనా రాసుకోవచ్చు. 1982 నాటి ప్రమాణం దాన్ని ప్రశ్నించదు. అప్పటి నెట్‌వర్క్‌లో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే! ఆ లోటు పూడ్చడానికి తర్వాత వచ్చినవి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. ఈ సర్వరుకు ఈ డొమైన్ తరఫున పంపే హక్కు ఉందా, దారిలో ఉత్తరం మారిందా, కనిపించే పేరుతో ఇవి సరిపోలుతున్నాయా అని అవి తేలుస్తాయి. కంప్యూటరులో జీమెయిల్ ఉత్తరం పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకుంటే ఈ మూడింటి ఫలితం కనిపిస్తుంది. మూడూ ‘పాస్’ అయినంత మాత్రాన పంపినవాడు మంచివాడని కాదు, ఆ డొమైన్ నుంచే వచ్చిందని మాత్రమే. దొంగ తన సొంత డొమైన్‌కు ఈ ఏర్పాట్లన్నీ చేసుకోగలడు.

కాబట్టి డొమైన్‌ను చదవడం రావాలి. దాన్ని చదవవలసింది కుడి నుంచి. లింకులో రెండు ఏటవాలు గీతల (//) తర్వాత మొదలై, మొదటి ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగే భాగంలో, ఆ గీతకు ఆనుకుని ఎడమవైపు ఉన్న ముక్కలే యజమాని ఎవరో చెబుతాయి. ఎడమవైపు మొదట్లో మీ బ్యాంకు పేరు, డాట్ కామ్ ఎంత స్పష్టంగా ఉన్నా, తర్వాత మరో చుక్క, మరో పేరు ఉన్నాయంటే ఆ ఇల్లు ఆ చివరి పేరుగల వాడిది. ఈ చదువును కొంత తేలిక చేయడానికి రిజర్వు బ్యాంకు దేశంలోని బ్యాంకులన్నీ తమ వెబ్ చిరునామాలను 2025 అక్టోబరు 31లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ కిందికి మార్చుకోవాలని ఆదేశించింది. ఆ చిరునామాలు ఇచ్చే అధికారం హైదరాబాదు మాసాబ్ ట్యాంకులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే ఉంది, బ్యాంకు కానివాళ్ళకు అది దొరకదు. బ్యాంకు పేరుతో వచ్చిన లింకులోని డొమైన్ చివర ఆ రెండు ముక్కలు లేకపోతే దాన్ని నొక్కకుండా, చిరునామాను సొంతంగా టైపు చేసుకుని వెళ్ళాలి. అప్పటికే వివరాలు ఇచ్చేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి. డబ్బు ఒక ఖాతాలోంచి మరో ఖాతాలోకి జారిపోకముందే ఆపించే ఏర్పాటు అక్కడుంది. అది ఎంత త్వరగా చేస్తే అంత ఎక్కువ మొత్తం ఆగే అవకాశముంటుంది.